చేసిన చెయ్యి చెప్పని ధర

"ఆ చీటీలు విప్పకు. రాసింది రాసినట్టే ఉండనీ," అంది పెద్దకోడలు.

చిన్నకోడలు చెయ్యి దారం ముడి మీదే ఆగిపోయింది.

బల్ల మీద మూడు పెద్ద పేముబుట్టలు వరసగా ఉన్నాయి. మూడింటి పిడులకీ అట్టముక్కలు వేలాడుతున్నాయి. మూడింటి మీదా పెన్సిలుతో రాసిన అంకె ఒక్కటే. నాలుగువందల యాభై.

"తొందరలో తప్పు రాశానక్కా. దిద్దేస్తాను."

"ఒకటి తప్పు రాస్తే తొందర అంటారు. మూడూ ఒకేలా రాస్తే దాన్ని తీర్పు అంటారు."

"అక్కా..."

"రెండేళ్ళ నించి నా బుట్ట ఆరువందలకి పోతోందని మీ ఆయనే చెప్తాడు. పోయిన వారం కూడా అంతకే పోయింది. ఏడు రోజుల్లో నా చెయ్యి నూటయాభై పడిపోయిందన్నమాట."

చిన్నకోడలు దారం వదిలేసింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నడుముకి చుట్టిన తువ్వాలుకి తుడుచుకుంది. అవి తడిగా లేవు.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. చేసిన చెయ్యి ధర చెప్పకూడదు. అత్తగారు పెట్టిన పద్ధతి అది. చేసినవాళ్ళకి తమ వస్తువు మీద మమకారమైనా ఉంటుంది, సిగ్గైనా ఉంటుంది, రెండూ ధరని పాడుచేస్తాయి అనేది ఆవిడ. అందుకని శుక్రవారం మధ్యాహ్నం పెద్దకోడలి బుట్టలకి చిన్నకోడలు, చిన్నకోడలి బుట్టలకి పెద్దకోడలు ధర రాయాలి. బుట్టని బోర్లించి, అడుగు మీద అరచెయ్యి ఆనించి, ఒంటి బరువంతా మోపి చూడాలి. కిర్రుమంటే తక్కువ ధర, కిక్కురుమనకపోతే ఎక్కువ ధర. చేసినవాళ్ళు ఆ వేళకి గదిలో ఉండకూడదు. ఎంత అని అడగకూడదు. ఎందుకు అని అసలే అడగకూడదు. చీటీ కట్టాక ఆ బుట్టని మళ్ళీ ముట్టుకోకూడదు.

అత్తగారు పోయి పదేళ్ళయింది. వీధిలోవాళ్ళు ఇప్పటికీ ఈ ఇద్దరినీ పెద్దకోడలు, చిన్నకోడలు అనే అంటారు. పద్ధతీ అలాగే ఉండిపోయింది.

నిన్న మాత్రం చిన్నకోడలి భర్తకి నడుం పట్టేసింది. సరుకు దుకాణానికి చేరవేసేది ఆయనే. మంచం దిగలేనని కేక పెడితే, మూట కట్టడానికి పెద్దకోడలు చెయ్యి వేసింది. అలా ఆ మూడు చీటీలూ ఆవిడ కంటపడ్డాయి.

రాత్రంతా ఏమీ అనలేదు. ఇప్పుడు అంటోంది.

"పొమ్మనలేక పొగబెట్టడం అంటారు చూడు, అదే ఇది."

"ఆ మాట అనకక్కా. నిన్ను పొమ్మనడమేమిటి?"

"నువ్వు అనక్కర్లేదులే. పొద్దున్నే ఫోను చేసి చెప్పేశాను."

"ఎవరికి?"

"ఊరవతల చేతిపనుల బడివాళ్ళకి. రెండుసార్లు వచ్చి అడిగారుగా, పేము అల్లిక నేర్పడానికి రమ్మని. గది కూడా ఇస్తామన్నారుగా. ఒకటో తారీఖుకి వస్తానన్నాను."

పక్కగదిలోంచి మంచం కిర్రుమన్న చప్పుడయింది. ఆ వెంటనే మగగొంతు, "అమ్మో," అంది. నడుముకి అన్నాడో, విన్నదానికి అన్నాడో తెలియలేదు.

ఒకటో తారీఖుకి ఇంకా పదహారు రోజులు.

పెద్దకోడలి భర్త పోయి ఆరేళ్ళయింది. పిల్లలు లేరు. ఎక్కడికైనా వెళ్ళడానికి ఆవిడకి అయినవాళ్ళెవరూ లేరు కాబట్టి, బడివాళ్ళు అడిగినప్పుడు కూడా వెళ్ళడం అన్న మాటే ఆ ఇంట్లో వినబడలేదు. అది మొదటిసారి వినబడ్డప్పుడు గదిలో తడిపేము వాసన కూడా కాసేపు కొత్తగా అనిపించింది.

"ఈ మూడూ ఇదే ధరకి దుకాణానికి వెళ్తాయి," అంది పెద్దకోడలు. "నువ్వు దిద్దావంటే నేను ఇవాళే వెళ్తాను."

*

మధ్యాహ్నం భోజనానికి పెద్దకోడలు పళ్ళెం తీసుకుని పెరటి అరుగు మీదికి వెళ్ళిపోయింది. ఎండగా ఉంది. అయినా అక్కడే కూర్చుంది.

విడిపోవడం ఒక్కనాడు జరగదు. ముందు గ్లాసు వేరవుతుంది. తర్వాత తినే వేళ వేరవుతుంది. తలుపు వేసుకునే చప్పుడు మారుతుంది. బండి వచ్చి గుమ్మంలో ఆగే రోజుకి విడిపోవడానికి ఇంకేమీ మిగిలి ఉండదు, సామాను తప్ప.

చిన్నకోడలు గది తలుపులోంచి ఆ వీపునే చూస్తూ భర్తకి పళ్ళెం అందించింది.

"నన్నలా కాస్త లేపవే," అన్నాడాయన. "నిమ్మళంగా! నేను మనిషిని, కట్టెలమోపుని కాను."

"మీకు హాస్యమాడటానికి వేళాపాళా లేదా?"

"ఏడిస్తే నడుం ఇంకా లాగుతోందే." ఆయన గోడకి ఆనుకుని ఓ ముద్ద తిన్నాడు. గొంతు తగ్గించాడు. "ఆవిడతో నిజం చెప్పెయ్యి."

"ఏ నిజం?"

"మధ్యాహ్నాలు వదిన కునుకు తీసినప్పుడు నువ్వు దబ్బనం పట్టుకుని వెనకగదిలో ఏం చేస్తున్నావో, ఆ నిజం. నడుం పట్టేసింది గానీ కళ్ళు పట్టెయ్యలేదు నాకు."

చిన్నకోడలు పెరటివైపు తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

"ఎప్పటి నించి తెలుసు మీకు?"

"మొదటి నించీ. ఆవిడ కట్టిన అంచు విప్పుతావు. మళ్ళీ బిగించి కడతావు. తర్వాత ఏమీ ఎరగనట్టు చీటీ కడతావు. కడుపులో మాట దాగని ఆడదానివి, నీకు అబద్ధం ఆడటం చేతకాదనుకున్నాను. ఎనిమిది నెలలు ఆడావు."

"అబద్ధమేమీ కాదు అది. బుట్టని బాగుచేశాను. బాగున్న బుట్టకి బాగున్న ధర రాశాను."

"మరి ఈ వారం ఎందుకు బాగుచెయ్యలేదు?"

"ఆవిడ కునుకు తీస్తేగా! బొటనవేలు మొదట్లో సలుపంటూ నాలుగురోజులు కన్నే ముయ్యలేదు. కదలకుండా ఆ మూడు బుట్టల ముందే కూర్చుంది. నేనెక్కడ విప్పను?"

"అలాంటప్పుడు ఆరువందలనే రాసి పారేస్తే పోయేది."

"అరచెయ్యి మోపాను. మూడూ కిర్రుమన్నాయి. చెవులారా విని, విననట్టు ఎలా రాస్తాను? కొన్నవాళ్ళింట్లో ఆ అంచు నాలుగు నెలలకి ఊడి వస్తుంది. అత్తయ్య ఉంటే ఏమనేది?"

"అమ్మ ఉంటే మీ ఇద్దరికీ చెరొకటి వేసి నాకు టీ పెట్టమనేది," అన్నాడాయన. కాసేపు మెతుకులు కెలికాడు. "అంచు విప్పితే తప్పు కాదు, అంకె మారిస్తే తప్పు. నీ చట్టం ఏ పుస్తకంలో ఉందో గానీ, నేను మాత్రం అడకత్తెరలో పోకచెక్కనైపోయాను. ఆవిడకి చెప్తే నువ్వు చచ్చిపోతావు. చెప్పకపోతే ఆవిడ వెళ్ళిపోతుంది."

"చెప్తే వెళ్ళదని ఏమిటి నమ్మకం?"

ఆయన పళ్ళెం పక్కకి నెట్టేశాడు.

*

నాలుగింటికి వీధి తలుపు ఎవరో తట్టారు. వీధిచివర రొట్టెల దుకాణం నడిపే ఆవిడ. ఎప్పుడూ చెయ్యి ఊపుకుంటూ వచ్చే మనిషి, ఇవాళ చంకలో బుట్ట పెట్టుకుని వచ్చింది. బుట్ట సందుల్లో తెల్లగా పిండి.

"ఇదుగో, ఇలాంటివి ఇరవై నాలుగు కావాలి నాకు," అంది కూర్చోకుండానే. "రెండో దుకాణం తీస్తున్నాం. గోడ పొడుగునా ఇవే వరసగా పెట్టి రొట్టెలు అందులోంచే అమ్ముతాం. రెండు నెలలైంది ఇది కొని. రోజూ వేడి రొట్టెలు పడేస్తాం, ఈడుస్తాం, ఒకసారి మా ఆయన దీని మీద కూర్చున్నాడు కూడా. ఎక్కడా చెదరలేదు."

"ఏదీ, ఇలా ఇవ్వండి," అంది పెద్దకోడలు.

రెండు రోజుల్లో ఆవిడ మొహంలో కాస్త వెలుగు రావడం అదే మొదలు. బుట్టని ఒళ్ళో పెట్టుకుంది. గోడల్ని చూసి వెంటనే గుర్తుపట్టింది. మూడు వరసలకోసారి రెండు పేముబద్దలు మెలేసి పోనివ్వడం ఆవిడ అల్లికే.

"నాదే ఇది," అంది రొట్టెలావిడతో. చిన్నకోడలికి వినబడేలాగే అంది.

చిన్నకోడలు గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. ముందుకు వచ్చి ఆ బుట్ట లాక్కోవాలనిపించింది.

పెద్దకోడలి వేళ్ళు గోడ మీదుగా పైకి పాకి అంచుని చేరాయి. అంచు చుట్టూ ఒకసారి తిరిగాయి. సగంలో ఆగాయి. మళ్ళీ మొదటి నుంచి తిరిగాయి.

పేముబుట్ట అంచు జడలాగా ఉంటుంది. కుడిచేతివాళ్ళు అల్లితే ఆ జడ కుడివైపుకి వాలుతుంది. ఇది ఎడమవైపుకి వాలి ఉంది.

ఆ ఇంట్లో ఎడమచేతివాటం మనిషి ఒక్కతే.

"ఏమైంది? పురుగేమైనా పట్టిందా?" అంది రొట్టెలావిడ వంగి చూస్తూ.

"లేదమ్మా. బాగుంది." పెద్దకోడలి గొంతు మామూలుగానే ఉంది. "అంచు మరీ బాగుంది."

"ధర చెప్పండి మరి. ఆరువందలకి కొన్నాను దీన్ని. ఇరవై నాలుగు కాబట్టి కాస్త అటూ ఇటూ చూసి..."

"రేపు పొద్దున రండి. చెప్తాం."

"ధరకి రోజంతా ఆలోచించాలా? నేను రొట్టె పొంగేలోపు చెప్పేస్తాను."

"మీ రొట్టె మీరే చేసి మీరే ధర చెప్పుకుంటారు. మాకు కుదరదు," అంది పెద్దకోడలు. "బుట్ట ఇక్కడ ఉంచి వెళ్ళండి."

*

రొట్టెలావిడ వెళ్ళాక కూడా పెద్దకోడలు బుట్టని ఒళ్ళోంచి దించలేదు. వీధిలో సైకిలు గంట మోగుతూ దూరమైంది.

"ఎన్నాళ్ళ నించి?"

చిన్నకోడలు నేల వైపు చూసింది. "ఎనిమిది నెలలు."

"అన్నీనా?"

"కిర్రుమన్నవే."

"ఎన్ని కిర్రుమనేవి?"

"మొదట్లో మూడో నాలుగో. తర్వాత సగం."

"ఇప్పుడు?"

చిన్నకోడలు జవాబు చెప్పలేదు. పెద్దకోడలు తల ఊపింది, జవాబు చెప్పినట్టే.

"నేను పడుకున్నప్పుడా?"

"ఊఁ."

"ఒక్కోసారి లేచి వచ్చి టీ అడిగితే చేతులు వెనక్కి పెట్టుకునేదానివి. ఏం దాస్తోంది ఇది, తినేదేమైనా ఒక్కతే తింటోందా అనుకునేదాన్ని." ఆవిడ చిన్నగా నవ్వింది. ఆ నవ్వు చూడలేక చిన్నకోడలు వచ్చి ఎదురుగా నేల మీద కూర్చుంది.

"తిట్టక్కా. కొట్టు."

"దేనికి? నా బుట్ట బాగుచేసినందుకా?"

"చెప్పనందుకు."

"అవును, చెప్పొచ్చుగా? రోజుకి నూరు మాటలు మాట్లాడతావు. పక్కింటివాళ్ళ పిల్లి ఈనితే కూడా పరుగున వచ్చి చెప్తావు. ఇదొక్కటీ చెప్పలేకపోయావా?"

"ఎలా చెప్పను? నేను ఈ ఇంటికి వచ్చినప్పుడు ఎడమచేతిదానికి అల్లిక ఎలా నేర్పాలో తెలీదని అత్తయ్య చేతులెత్తేసింది. బద్దలు నానబోసుకుంటూ బతకమంది. నువ్వే నిలువుటద్దం ఈడ్చుకొచ్చావు. అద్దం ముందు నువ్వు కూర్చుని, నీ వెనక నన్ను కూర్చోబెట్టి, అద్దంలో చూస్తూ అల్లమన్నావు. అద్దంలో నీ కుడిచెయ్యి నా ఎడమచెయ్యి అయింది. ఆ చెయ్యి వదులైపోయిందని నీకు ఏ నోటితో చెప్పమంటావు?"

"నోటితో చెప్పలేక చీటీతో చెప్పావు."

అది తిట్టులా లేదు. కానీ తగిలింది.

పెద్దకోడలు కుడిచేతి బొటనవేలిని ఎడమచేత్తో పట్టుకుని నెమ్మదిగా వంచి చూసుకుంది. వేలి మొదట్లో వాపు. సలుపు సంగతి చెప్పినా, ఆ వాపు మాత్రం ఎవరికీ కనబడకూడదని ఇన్నాళ్ళూ చీరకొంగు చుట్టుకునేది. అంటే దాచింది చిన్నకోడలు ఒక్కతే కాదు.

"సరే. అది అలా ఉంచు," అంది కాసేపటికి. "నాకు ఇంకోటి అర్థం కావడం లేదు. ఆ ఎనిమిది నెలలూ నువ్వు ధర రాసింది ఎవరి బుట్టకి?"

"నీ బుట్టకే."

"గోడ నాది. అంచు నీది. నీ పని ఉన్న బుట్టకి నువ్వే ధర రాశావు."

ఎనిమిది నెలల్లో ఆ సంగతి ఒక్కసారి కూడా చిన్నకోడలికి తట్టలేదు. అంచు విప్పినప్పుడు భయపడింది. కట్టినప్పుడు భయపడింది. అరచెయ్యి మోపి ధర రాసినప్పుడు మాత్రం మనసు నిమ్మళంగా ఉండేది. పద్ధతి ప్రకారమే చేస్తున్నాననుకుంది.

"నేను... అది ఆలోచించలేదక్కా."

"ఇప్పుడు ఆలోచించు. రొట్టెలావిడకి కావలసింది ఇదే బుట్ట. నా గోడ, నీ అంచు. దీనికి ధర ఎవరు చెప్తారు? నేను చెప్పకూడదు. నువ్వూ చెప్పకూడదు."

"నేను చెప్పనా?" అంది పక్కగది.

"బద్దలు చీల్చేది నువ్వేగా! నీ చెయ్యీ ఉంది ఇందులో. పడుకో," అంది పెద్దకోడలు గోడవైపు తిరిగి.

"పడుకునే ఉన్నాను వదినా. ఇంతకన్నా పడుకోవడం నాకు రాదు."

చిన్నకోడలికి నవ్వొచ్చింది. పెద్దకోడలికీ వచ్చింది. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోకుండా నవ్వారు.

"అందుకే అంటున్నాను," అంది పెద్దకోడలు. గొంతు ఎంతో మెత్తగా ఉంది. "పొద్దున కోపంతో ఫోను చేశాను. ఇప్పుడు కోపం లేదు. అయినా వెళ్ళడమే మంచిది. నేను ఆ బడికి వెళ్ళిపోతే బుట్టల్లో నా చెయ్యి ఉండదు. అడుగు నించి అంచు దాకా నువ్వే చేసుకుంటావు. శుక్రవారం శుక్రవారం వచ్చి నేను ధర రాసి పోతాను. పద్ధతీ నిలబడుతుంది. నువ్వు నా వెనక దొంగలా దబ్బనం పట్టుకుని తిరగక్కర్లేదు."

"ధర రాయడం కోసం ఇల్లు వదిలి వెళ్ళేవాళ్ళు ఎక్కడైనా ఉంటారా?"

"ఉన్నారుగా, నీ ఎదురుగా."

చిన్నకోడలికి పొద్దుటి కోపమే నయమనిపించింది. కోపంతో వెళ్తానంటే కాళ్ళు పట్టుకుని ఆపొచ్చు. న్యాయం చెప్పి వెళ్తానంటే ఏం పట్టుకుని ఆపాలి?

"నీకు వేలు నొప్పి," అంది చివరికి. "అక్కడ నేర్పించడమైతే లాగనక్కర్లేదా?"

"నేర్పేవాళ్ళు చూపిస్తే చాలు. లాగేది నేర్చుకునేవాళ్ళు."

నిజంగానే అక్కడ ఆ చేతికి విశ్రాంతి. చిన్నకోడలు ఆ మాట మనసులో ఒప్పుకుంది. పైకి ఒప్పుకోలేదు.

*

మర్నాడు పొద్దున రొట్టెలావిడ చెప్పిన వేళకన్నా ముందే వచ్చింది. ఒంటి నిండా కాల్చిన రొట్టె వాసన. బల్ల మీద ఆవిడ బుట్ట చీటీ లేకుండా ఉంది.

"ఏమిటి, ఇంకా పొంగలేదా మీ ధర?"

పెద్దకోడలు బల్లకి అటువైపు నిలబడి ఉంది. ఏం చెప్పాలో ఆవిడ రాత్రే అనుకుంది. ఇది ఇద్దరి పని, మాలో ఎవరూ చెప్పకూడదు, మీరే చెప్పండి, సబబైతే ఇస్తాం. అంతే. ఆ మాట నోట్లోకి వచ్చేలోపే వెనకనుంచి ఇంకో గొంతు వినబడింది.

"ఏడువందల యాభై."

చిన్నకోడలు. ఆ ఇంటికి వచ్చిన ఇరవై రెండేళ్ళలో మొదటిసారి, తను చేసినదానికి తనే, కొనేవాళ్ళ మొహం మీద ధర చెప్పింది. చెప్పాక ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

"ఆరువందలది ఏడువందల యాభై ఎందుకయిందమ్మా? ఇరవై నాలుగు అంటే దిగాలి గానీ ఎక్కుతుందా?"

"ఇది ఒక్క చేతి బుట్ట కాదు. గోడ మా అక్క అల్లుతుంది. అంచు నేను కడతాను. గోడ కుడివైపు పోతుంది, అంచు ఎడమవైపు పోతుంది. అటు లాగేది ఒకటి, ఇటు లాగేది ఒకటి. అందుకే మీ ఆయన కూర్చున్నా ఇది కదల్లేదు." మాటలు ఒకదాని వెనక ఒకటి తోసుకుంటూ వచ్చాయి. "ఒక్కళ్ళు చేస్తే ఇలా రాదు. ఇద్దరం ఉంటేనే. ఇరవై నాలుగూ ఇద్దరమే చేస్తాం. ఆ తర్వాత కావలసినవీ ఇద్దరమే చేస్తాం. దానికి ఆ ధర."

రొట్టెలావిడ బుట్టని వెలుగులోకి తిప్పింది. గోడ చూసింది. అంచు చూసింది. వ్యాపారం తెలిసిన మనిషి.

"ఆ వాలు నేనెప్పుడూ చూడనేలేదు సుమా. కొనేవాళ్ళకి చెప్పుకోవడానికి బాగుంటుంది." పెదవి విరిచింది, లెక్క వేసుకుంది. "ఎక్కువే. కానీ సరే. మాట మాత్రం మాటే. ఇద్దరి చేతులూ ఉండాలి. ఏడాది పొడుగునా అడుగుతూనే ఉంటాను."

"తప్పం," అంది చిన్నకోడలు. అప్పుడు తల తిప్పి పెద్దకోడలి వైపు చూసింది. బేరం కుదిరిన కళ్ళు కావవి. గుమ్మానికి అడ్డంగా చేతులు చాచి నిలబడ్డ మనిషి కళ్ళు.

"ఒక్క నిమిషం ఆగండమ్మా," అంది పెద్దకోడలు రొట్టెలావిడతో. తర్వాత ఇటు తిరిగింది. "ఏమే, ఆ ధర బుట్టకి చెప్పావా?"

"అవును."

"నా మొహం చూసి చెప్పు."

చిన్నకోడలు చూడలేదు.

"అందులో బుట్టది ఎంత?"

జవాబు వచ్చింది, నేలతో చెప్పినట్టు. "ఆరువందల యాభై."

"మిగతా వంద?"

"నువ్వు వెళ్ళిపోతావని."

పక్కగదిలో మంచం కూడా మాట్లాడలేదు.

పెద్దకోడలు రొట్టెలావిడ వైపు తిరిగింది. "ఆరువందల యాభై అమ్మా. ఆ పై వంద మా చెల్లి భయం. దాన్ని అమ్మం."

అందరితోనూ 'మా తోడికోడలు' అనే ఆవిడ, బయటివాళ్ళ ముందు 'మా చెల్లి' అనడం ఎప్పుడోగాని జరగదు. చిన్నకోడలు కళ్ళు తుడుచుకోవడానికి కూడా చెయ్యి ఎత్తలేకపోయింది.

రొట్టెలావిడ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. బుట్టని కింద పెట్టింది. "అదృష్టవంతులు," అంది. "నా రొట్టె ధరలో సగం అద్దె భయమే. నేను అదీ అమ్ముకునే బతుకుతున్నాను." తర్వాత మళ్ళీ వ్యాపారంలోకి వచ్చింది. "ధర సరే. చేసేదెవరు? ఇద్దరూ ఉంటారా, ఉండరా? నాకు అది తెలియాలి."

చిన్నకోడలు నోరు విప్పబోయింది. పెద్దకోడలు చెయ్యి అడ్డం పెట్టింది.

"నెలాఖరు దాకా నా చెయ్యి ఉంటుంది. నా వేలు ఉన్న తీరుకి పన్నెండు గోడలు లేస్తాయి. పన్నెండూ ఇద్దరి చేతివే. ఒట్టు పెట్టి చెప్తాను. ఆ పైన..."

వాక్యం అక్కడే ఉండిపోయింది.

"ఆ పైన సంగతి మీరూ మీరూ చూసుకోండి," అంది రొట్టెలావిడ గుమ్మం వైపు కదులుతూ. "మొదటి పన్నెండూ నెలాఖరుకి నాకు పంపండి. మిగతా పన్నెండు ఎవరివో చెప్పి పంపండి. ధర అప్పుడు మళ్ళీ మాట్లాడుకుందాం."

ఆవిడ వెళ్ళిపోయింది. ఇద్దరూ బల్లకి చెరోవైపు మిగిలారు.

"కోపమా అక్కా?"

"కాదు."

"మరి వంద ఎందుకు తగ్గించావు? ఆవిడ ఇస్తానందిగా."

"ఆ వంద తీసుకుని ఉంటే, నేను ఇక్కడ ఉన్నన్నాళ్ళూ బాకీ కోసం ఉన్నట్టుండేది. ఉంటే ఉండాలనిపించి ఉండాలి. వెళ్తే వెళ్ళాలనిపించి వెళ్ళాలి."

"ఏమనిపిస్తోంది?"

పెద్దకోడలు కిటికీలోంచి పెరట్లోకి చూసింది. అక్కడ చిన్నకోడలి భర్త గోడ పట్టుకుని, ఒక్కో అడుగూ వేసుకుంటూ, రెండు రోజుల తర్వాత మొదటిసారి బయటికి వచ్చాడు. వచ్చి పేముకట్టల ముందు కత్తి పట్టుకుని నిలబడ్డాడు. వంగడం కుదరక కాసేపు కట్టలవైపూ, కాసేపు ఆకాశంవైపూ చూశాడు.

"వదినా!" అని కేకేశాడు. "అన్నీ ఒకే కట్టలోంచి చీల్చకపోతే రంగు కలవదు. లెక్క ముందే చెప్పాలి నాకు. పన్నెండుకి చీల్చనా, ఇరవై నాలుగుకా?"

చిన్నకోడలు పెద్దకోడలి వైపు తిరిగింది.

పెద్దకోడలు బల్ల కింద ఉన్న బద్దల్లోంచి నాలుగు ఏరి, వాటిని అడుగు కట్టడానికి అడ్డంగా, నిలువుగా పేర్చింది. పీట లాక్కుని కూర్చుంది.

"ముందు ఇవాళ్టికి చీల్చు బాబూ," అంది.

"ఇవాళ్టికి అంటే ఎన్నింటికి?"

ఆవిడ నొప్పివేలు వాడకుండా మొదటి బద్ద పోనిచ్చింది.

చిన్నకోడలు ఎదురుగా కూర్చుంది. ఇవాళ అన్న మాటలో రేపు ఉందో లేదో ఆమెకి తెలియలేదు. అడిగితే అక్క నిజమే చెబుతుందని తెలుసు. అందుకే అడగలేదు.